మహమ్మద్ అలీ: ధర ఎవరు చెల్లించారు?

2016 జూన్ 3న మహమ్మద్ అలీ చనిపోయారు. వారం తర్వాత ఆయన పుట్టిన ఊరు లూయివిల్‌లో జరిగిన సంతాప సభలో అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ మాట్లాడారు. పత్రికలు పేజీలకు పేజీలు కేటాయించాయి. 1960లలో ఆయన కొత్త పేరును అచ్చువేయడానికి ఏళ్ల తరబడి మొండికేసిన పత్రికలు కూడా వాటిలో ఉన్నాయి. ఒకప్పుడు ఐదేళ్ల జైలుశిక్ష వేసిన దేశమే ఆయనను తన ముద్దుబిడ్డగా చెప్పుకుంది.

అలీ గురించి రెండు రకాల రాతలు తరచుగా కనిపిస్తాయి. ఒక రకం రాతల్లో ఆయన ఏ తప్పూ చేయని మహాత్ముడు. రెండో రకం రాతల్లో మంచి ఒక పక్క, చెడు ఒక పక్క రాసి, కూడి, తీసివేసి, 'ఎంతైనా ఆయనా మనిషే కదా' అని ముగిస్తారు. నాకు ఈ రెండూ సరిపోవు. మొదటిది భక్తి. రెండోది కిరాణా కొట్టు పద్దు. అణగారిన సమాజాల నుంచి ఎదిగిన నాయకుల్ని, కళాకారుల్ని, ఆటగాళ్లని అంచనా వేయడానికి మనకు ఇంతకంటే గట్టి కొలత కావాలి. అందుకే నేను ఒకే ప్రశ్న పట్టుకుని అలీ జీవితాన్ని చూడదలిచాను. ఆయన ఒక మాట అన్నప్పుడు, ఒక పని చేసినప్పుడు, దాని ధర ఎవరు చెల్లించారు?

ఈ ప్రశ్న వేయడానికి నాకు ధైర్యం ఇచ్చింది బాబాసాహెబ్ అంబేద్కర్. 1943 జనవరి 18న పుణెలో, రనడే 101వ జయంతి సభలో ఆయన చేసిన ప్రసంగాన్ని ఈ తరం విద్యార్థులు మళ్లీ చదవాలి. గొప్పవాడు అని ఎవరిని పిలవాలి అన్న ప్రశ్నను ఆయన అక్కడ తాపీగా విప్పారు. నిజాయితీ ఒక్కటే చాలదన్నారు. తెలివితేటలు కలిసినా చాలదన్నారు. సామాజిక ప్రయోజనం కోసం కదలాలి, సమాజంలోని మురికిని ఊడ్చే పని చేయాలి, అప్పుడే ప్రముఖుడు గొప్పవాడు అవుతాడన్నది ఆయన వాదన. వ్యక్తిపూజను కూడా ఆ సభలోనే నిలదీశారు. ఆరేళ్ల తర్వాత, 1949 నవంబర్ 25న, రాజ్యాంగసభలో రాజకీయ భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని హెచ్చరించారు. బాబాసాహెబ్ మనకు ఇచ్చిన కొలతను మన అభిమాన వీరుల మీద వాడకపోతే, ఆ కొలత మన దగ్గర ఉండీ లేనట్టే.

పేరు కోసం పోరు

అలీ 1942 జనవరి 17న కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్‌లో పుట్టారు. తండ్రి సైన్‌బోర్డులు రాసే పెయింటర్. తల్లి తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసేది. పుట్టినప్పుడు పెట్టిన పేరు కాషియస్ మార్సెలస్ క్లే. అది 19వ శతాబ్దంలో బానిసత్వాన్ని వ్యతిరేకించిన ఒక తెల్ల భూస్వామి పేరు. చెడ్డవాడి పేరు కాదు. అయినా అలీ దాన్ని వదిలేశారు. ఉదారవాదికి, విముక్తి కోరుకునేవాడికి తేడా ఇక్కడే ఉంది. దయగల యజమాని పేరైనా అది యజమాని పేరే అని 22 ఏళ్ల కుర్రాడు గుర్తించాడు.

1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో సన్నీ లిస్టన్‌ను ఓడించి ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యారు. మర్నాడే తాను నేషన్ ఆఫ్ ఇస్లామ్ సభ్యుణ్ణని బయటపెట్టారు. మార్చి 6న ఆ సంస్థ అధినేత ఎలైజా మహమ్మద్ ఆయనకు మహమ్మద్ అలీ అన్న పేరు ఇచ్చారు. ఇక మొదలైంది గొడవ. పత్రికలు ఒప్పుకోలేదు, వ్యాఖ్యాతలు ఒప్పుకోలేదు. ఎదురు నిలిచిన నల్ల బాక్సర్లు ఫ్లాయిడ్ ప్యాటర్సన్, ఎర్నీ టెరెల్ కూడా క్లే అనే పిలిచారు. 1967 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో 15 రౌండ్లపాటు టెరెల్‌ను కొడుతూ, నా పేరేంటో చెప్పమని అలీ రింగులోనే అడిగారు.

మన క్యాంపస్‌లలో చదివేవాళ్లకు ఈ పేరు గొడవ విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. హాజరు పట్టీలో పేరు చదివేటప్పుడు ఇంటిపేరు దగ్గర ఆగే గొంతు, 'పూర్తి పేరు చెప్పు' అనే ప్రశ్న వెనకున్న ఆరా మనకు కొత్తవి కావు. పేరు మార్చుకోవడం అలంకారం కాదు, నన్ను ఎవరు నిర్వచించాలన్న తగాదా. 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించి, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్న బాబాసాహెబ్ అడిగింది కూడా ఇదే.

అయితే రెండింటికీ పెద్ద తేడా ఉంది. దాన్ని దాచిపెట్టను. అంబేద్కర్ 21 ఏళ్లు చదివి, తర్కించి, అన్ని మతాలనూ జల్లెడ పట్టి నిర్ణయం తీసుకున్నారు. ఆ దారిలో ఆయనకు గురువు ఉన్నాడు గానీ యజమాని లేడు. అలీ చేరింది నాయకుడి మాటే శాసనమైన సంస్థలో. 1969లో, డబ్బు కోసం మళ్లీ బాక్సింగ్‌లోకి వెళ్తానన్నందుకు ఎలైజా మహమ్మద్ ఆయనను సస్పెండ్ చేసి, ఇకపై కాషియస్ క్లే అనే పిలుస్తామని ప్రకటించారు. పేరు ఇచ్చినవాడే పేరు వెనక్కి లాక్కోబోయాడు. అలీ మాత్రం ఆ పేరు వదల్లేదు. నా దృష్టిలో ఆ పేరు నిజంగా ఆయనదైంది అప్పుడే. అప్పటిదాకా అది ఒకరు ఇచ్చింది. ఆ తర్వాత ఆయన నిలబెట్టుకున్నది.

1967: తన జేబులోంచి చెల్లించిన ధర

1964లో అలీ సైన్యం పెట్టే రాత పరీక్షలో తప్పారు. పనికిరాడని రాసేశారు. 1966 నాటికి వియత్నాం యుద్ధానికి మనుషులు చాలలేదు. అర్హత గీత కిందికి జరిగింది, అదే మనిషి పనికొచ్చేవాడయ్యాడు. 'మెరిట్' అనే గీతను అవసరాన్ని బట్టి ఎవరు ఎటు జరుపుతారో మనకు బాగా తెలుసు. చావడానికి మనుషులు కావలసినప్పుడు ఆ గీత ఎంత కిందికైనా వస్తుంది.

వియత్నాం వాళ్లతో నాకేం తగాదా లేదని అలీ అన్నారు. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలో చేర్చుకోవడానికి పేరు పిలిస్తే ముందుకు అడుగు వేయలేదు. ఆ రోజే న్యూయార్క్ రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్ లైసెన్స్ రద్దు చేసింది. ప్రపంచ బాక్సింగ్ సంఘం టైటిల్ లాగేసుకుంది. కోర్టులో విచారణ ఇంకా మొదలే కాలేదు. జూన్ 20న, ఒక్క నల్లవాడు కూడా లేని జ్యూరీ ఆయన్ని దోషిగా తేల్చింది. శిక్ష ఐదేళ్ల జైలు, 10,000 డాలర్ల జరిమానా. పాస్‌పోర్ట్ కూడా పోయింది.

అలీకి ఇంకో దారి తెరిచే ఉంది. ఆయనకు ముందు ఛాంపియన్‌గా ఏలిన జో లూయిస్ రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి సైనికుల ముందు ప్రదర్శన పోటీలు ఆడారు. అలీ కూడా యూనిఫాం వేసుకుని, తుపాకీ ముట్టకుండా, అదే పని చేసి ఉండవచ్చు. టైటిల్ మిగిలేది, డబ్బు మిగిలేది, దేశభక్తుడన్న బిరుదు అదనంగా దక్కేది. ఆయన కాదన్నారు. 1967 మార్చి నుంచి 1970 అక్టోబర్ వరకు రింగులో అడుగు పెట్టలేకపోయారు. ఒక బాక్సర్‌కు 25 నుంచి 28 ఏళ్ల వయసు అంటే కాళ్లలో వేగం, చేతుల్లో బలం కలిసి ఉండే కాలం. ఆ మూడున్నరేళ్లు మళ్లీ రావు. ఆ కాలంలో ఆయనకు చోటిచ్చినవి విశ్వవిద్యాలయాలు. ఒక క్యాంపస్ తర్వాత ఒక క్యాంపస్ తిరిగి ఉపన్యాసాలు ఇచ్చి ఇల్లు గడుపుకున్నారు.

1971 జూన్ 28న సుప్రీంకోర్టు 8-0 తేడాతో శిక్ష కొట్టేసింది. దీన్ని న్యాయం గెలిచిన రోజుగా చెబుతుంటారు. నేను అంత దూరం వెళ్లను. యుద్ధం తప్పని గానీ, అలీ మనస్సాక్షి గొప్పదని గానీ కోర్టు అనలేదు. ఆయన అభ్యర్థనను తిరస్కరించిన బోర్డు ఏ కారణంతో తిరస్కరించిందో చెప్పలేదు కాబట్టి శిక్ష నిలవదన్నది. చాలా ఇరుకైన సాంకేతిక దారి. పైగా న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ ఆ కేసును 'క్లే వర్సెస్ యునైటెడ్ స్టేట్స్' అనే పేరుతోనే చదువుతారు. ఆయన గెలుపును రాజ్యం ఆయన కాదన్న పేరు మీదే నమోదు చేసింది.

ఇక్కడ నా ప్రశ్నకు జవాబు స్పష్టం. 1967లో ధర చెల్లించినవాడు అలీ. టైటిల్, సంపాదన, వయసు అన్నీ ఆయనవే. ఆ ధర వల్ల బలపడింది మాత్రం ఆయన ఒక్కడే కాదు. యుద్ధానికి పోవడానికి ఇష్టపడని వేలమంది పేద కుర్రాళ్లకు ఒక ప్రపంచ ఛాంపియన్ తోడు దొరికాడు. బాబాసాహెబ్ చెప్పిన సామాజిక ప్రయోజనం ఇదే. అలీ గొప్పతనానికి పునాది ఇక్కడుంది. గుద్దుల్లో కాదు, మాటల్లో కాదు, ఆ వేయని అడుగులో.

ఫ్రేజియర్ ముందు అలీ

ఇప్పుడు కష్టమైన చోటుకు వద్దాం. జో ఫ్రేజియర్ 1944 జనవరి 12న సౌత్ కరోలినాలోని బ్యూఫర్ట్ దగ్గర, పంటలో పాలుకు సేద్యం చేసుకునే కుటుంబంలో పుట్టారు. ఇంటినిండా పిల్లలు. తెల్ల రైతు ఒక నల్ల పిల్లవాణ్ణి బెల్టుతో కొట్టడం గురించి నోరు విప్పినందుకు పని పోయిందని ఆయన ఆత్మకథలో చెప్పుకున్నారు. పదిహేనేళ్లకే బస్సెక్కి ఉత్తరాదికి వెళ్లారు. ఫిలడెల్ఫియాలో పశువుల్ని కోసే చోట పనిచేస్తూ బాక్సింగ్ నేర్చుకున్నారు. లూయివిల్‌లో సొంత ఇంట్లో పెరిగిన అలీ కంటే ఆయన అన్ని విధాలా కిందిమెట్టు మీద నుంచి వచ్చినవాడు. ఆయన ఒంటి రంగు అలీ రంగు కంటే నలుపు. మాట దక్షిణాది పల్లెటూరి మాట.

అలీ రింగుకు దూరమైన రోజుల్లో ఆయనకు లైసెన్స్ తిరిగి ఇవ్వాలని ఫ్రేజియర్ అడిగారు. చేబదులు కూడా ఇచ్చారు. 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇద్దరూ తలపడబోయే ముందు అలీ చేసిన ప్రతిఫలం ఏమిటి? ఫ్రేజియర్‌ను అంకుల్ టామ్ అన్నారు. అంటే తెల్ల దొర ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. అనాకారి అన్నారు, బుర్రలేనివాడన్నారు. అలీ అంటే గిట్టని తెల్లవాళ్లంతా ఆ రాత్రి ఫ్రేజియర్ పక్షాన చేరిన మాట నిజం. ఆ పాత్ర ఫ్రేజియర్ కోరుకున్నది కాదు. ఆ పోటీలో ఫ్రేజియర్ గెలిచారు. తన సొంత జనంలో సగంమంది మనసులో మాత్రం ఓడిపోయారు.

1975లో మనీలా పోటీకి ముందు ఇది ఇంకా దిగజారింది. అలీ ఫ్రేజియర్‌ను గొరిల్లా అన్నారు. విలేకరుల ముందు రబ్బరు గొరిల్లా బొమ్మ తీసి గుద్ది చూపించారు. గది నవ్వింది. నల్లవాణ్ణి కోతితో పోల్చడం అమెరికాలో బానిసల యజమానులు తరాలుగా వాడిన మాట. ఆ మాటను అదే జాతిలో అందరికంటే ప్రియమైన గొంతు, తన కంటే నల్లగా ఉన్న, తన కంటే పేదగా పుట్టిన సోదరుడి మీద వాడింది. ఫ్రేజియర్ పిల్లలు బడిలో ఆ మాటలు పడ్డారని ఆ కుటుంబం చెప్పింది.

టికెట్లు అమ్ముకోవడానికే అలా అన్నానని అలీ తర్వాత చెప్పారు. 2001లో న్యూయార్క్ టైమ్స్ ద్వారా క్షమాపణ కూడా చెప్పారు. నాకు ఆ 'టికెట్ల కోసమే' అన్న వివరణ నేరాన్ని తగ్గించేదిగా కనిపించదు, పెంచేదిగా కనిపిస్తుంది. 1967లో ఆయన కోట్ల డాలర్లు వదులుకుని ఆత్మగౌరవం నిలబెట్టుకున్నారు. 1975లో అదే ఆత్మగౌరవాన్ని ఇంకొకడి దగ్గర లాక్కుని టికెట్లకు మార్చుకున్నారు. మొదటిదాని ధర ఆయన చెల్లించారు. రెండోదాని ధర ఫ్రేజియర్ చెల్లించారు. మనిషి ఒక్కడే, నోరు ఒక్కటే. తూకంలో మాత్రం రెండూ రెండు పళ్లేల్లో పడతాయి.

ఈ సంగతిని పాశ్చాత్య క్రీడా రచయితలు సాధారణంగా ఇద్దరు మొగవాళ్ల మధ్య పంతంగా రాస్తారు. అంబేద్కర్‌ను చదివినవాళ్లు అలా చదవలేరు. ఆయన దీనికి పెట్టిన పేరు మెట్ల అసమానత. పీడన ఒక గోడ కాదు, నిచ్చెన. ప్రతి మెట్టు మీదివాడికీ తొక్కడానికి కింద ఇంకొకడు దొరుకుతాడు. అందుకే అందరూ కలిసి నిచ్చెనను పడగొట్టరు. నల్లజాతి మీద తెల్ల ఆధిపత్యం ఒక నిచ్చెన అయితే, నల్లజాతి లోపల రంగు, ఊరు, చదువు, యాస ఇంకొక నిచ్చెన. అలీ పెద్ద నిచ్చెన మీద తిరగబడ్డారు. చిన్న నిచ్చెన మీద నిలబడి ఫ్రేజియర్‌ను తొక్కారు.

ఫిలడెల్ఫియాలో ఇంకో దారుణం ఉంది. ఆ ఊరి మాంసం గోదాముల్లో, వీధుల్లో శ్రమించి ఛాంపియన్ అయినవాడు ఫ్రేజియర్. 1976లో వచ్చిన 'రాకీ' సినిమాలో అదే ఊరి కల్పిత తెల్ల బాక్సర్ మాంసం ముద్దల్ని గుద్దుతూ సాధన చేస్తాడు. ఆ సినిమా వీరుడికి 1980లలోనే విగ్రహం వచ్చింది. నిజంగా గెలిచిన ఫ్రేజియర్‌కు వచ్చింది 2015లో. అప్పటికి ఆయన చనిపోయి నాలుగేళ్లు. తెల్ల సమాజం ఫ్రేజియర్‌ను ఎంతగా తనవాడనుకుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. అంకుల్ టామ్ అని పిలిపించుకున్నవాడికి ఆ దొరతనం నుంచి దక్కింది ఏమీ లేదు.

మన నోట్లో ఆ మాట

ఈ భాగం చదివి అమెరికా సంగతి కదా అనుకుని పేజీ తిప్పేస్తే ఈ సంపాదకీయం వ్యర్థం. మన దగ్గర అంకుల్ టామ్‌కు సరిపోయే మాట 'చెంచా'. కాన్షీరామ్ 1982లో, పూనా ఒడంబడికకు 50 ఏళ్లు నిండిన రోజున, 'ది చంచా ఏజ్' పుస్తకం తెచ్చారు. దాన్ని జాగ్రత్తగా చదివితే అది మనుషుల్ని తిట్టే పుస్తకం కాదని తెలుస్తుంది. ఉమ్మడి నియోజకవర్గాల పద్ధతి మన ప్రతినిధుల్ని ఇతరుల చేతి పనిముట్లుగా ఎలా తయారుచేస్తుందో వివరించే పుస్తకం అది. ఆయన వేలు చూపింది చెంచాను పట్టుకున్న చేతి వైపు. మనం ఆ మాటను సామాజిక మాధ్యమాల్లో ఎలా వాడుతున్నాం? మనతో విభేదించిన ప్రతి సోదరుడి మీదా, ప్రతి సోదరి మీదా విసురుతున్నాం. చేతిని వదిలేసి చెంచాను తిడుతున్నాం.

తెలుగు నేల మీద ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1994లో మాదిగ దండోరా మొదలైనప్పటి నుంచి 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి ఇచ్చేవరకు, ఆ తర్వాత కూడా, మాల మాదిగ మిత్రుల మధ్య నడిచిన వాదనలో న్యాయమైన ప్రశ్నలు ఉన్నాయి. లెక్కలు అడగవచ్చు, తర్కం అడగవచ్చు, తీర్పుతో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. కానీ ఆ వాదనలో రెండు వైపులా కొన్నిసార్లు ఊరు మనల్ని తిట్టడానికి వాడిన మాటలే వినిపించాయి. వృత్తి మీద, తిండి మీద, రంగు మీద. ఆ మాటలు మన నోట్లోకి వచ్చిన క్షణాన అలీ చేతిలోని రబ్బరు బొమ్మ మన చేతిలోకి వచ్చినట్టే. ఆ గదిలో నవ్వింది ఎవరో కూడా గుర్తుంచుకోవాలి.

మాల్కమ్, స్త్రీలు, మొబుటూ

ఫ్రేజియర్ ఒక్కడే కాదు. మాల్కమ్ ఎక్స్ అలీకి అన్నలాంటివాడు. లిస్టన్ పోటీకి ముందు మయామీలో వెన్నంటి ఉన్నవాడు. 1964 మార్చిలో మాల్కమ్ నేషన్ ఆఫ్ ఇస్లామ్ నుంచి విడిపోయారు. మే నెలలో ఘనా రాజధాని అక్రాలో ఇద్దరూ ఎదురుపడ్డారు. అలీ ముఖం తిప్పుకున్నారు. తొమ్మిది నెలలకు, 1965 ఫిబ్రవరి 21న, మాల్కమ్‌ను కాల్చి చంపారు. మాల్కమ్‌కు దూరం కావడం జీవితంలో బాగా బాధపడే తప్పుల్లో ఒకటని అలీ 2004లో వచ్చిన తన పుస్తకంలో రాసుకున్నారు. దానికి నలభై ఏళ్లు పట్టింది. నాయకుడి మాట మీద స్నేహితుణ్ణి వదిలేయడం భక్తి చేయించే పని. బాబాసాహెబ్ హెచ్చరించింది సరిగ్గా దీని గురించే.

స్త్రీల విషయంలో కూడా లెక్క తేలిగ్గా ముగియదు. మొదటి భార్య సాంజీతో వివాహం 1966లో ముగియడానికి ఆమె వేసుకునే బట్టల మీద వచ్చిన తగాదా ఒక ముఖ్య కారణం. అవకాశాలు మూసుకుపోయిన సంవత్సరాల్లో బిడ్డల్ని సాకుతూ పక్కన నిలిచినామె రెండో భార్య బెలిండా. 1975లో మనీలాలో అధ్యక్ష భవనంలో మరొకామె అలీ భార్యగా పరిచయమైంది. ఆ వార్త చదివి బెలిండా విమానమెక్కి మనీలా వెళ్లి, గొడవపడి, తిరిగి వచ్చేసింది. ఒక సమాజం ఎంత ముందుకు వెళ్లిందో అందులోని స్త్రీల ప్రగతిని బట్టి కొలుస్తానని అంబేద్కర్ 1942లో నాగపూర్ మహిళా సభలో అన్నారు. ఆ కొలతకు అలీ నిలవరు. ఆయన ఎక్కువ కాలం జాతుల మధ్య పెళ్లిళ్లను కూడా వ్యతిరేకించారు. కులనిర్మూలనకు అసలైన మందు కులాంతర వివాహమే అన్న మనకు ఇది మింగుడుపడే మాట కాదు.

ఇక 1974 కిన్షాసా. జార్జ్ ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండులో పడగొట్టిన ఆ రాత్రి ఆఫ్రికా వీధుల్లో జనం అలీ పేరు పలికారు. ఆ ఆనందం నిజమైంది, దాన్ని చిన్నబుచ్చను. కానీ ఒక్కో బాక్సర్‌కు ముట్టిన 50 లక్షల డాలర్ల వెనక ఉన్నది మొబుటూ ప్రభుత్వం. లుముంబాను పట్టి అప్పగించిన సైన్యానికి అధిపతిగా ఉన్నవాడు మొబుటూ. ఆ పోటీతో ప్రపంచం ముందు తన ముఖం కడుక్కున్నాడు. మరుసటి ఏడాది మనీలాలో సైనిక శాసనం నడుపుతున్న మార్కోస్ అదే పని చేశాడు. ఆ బిల్లు కట్టింది రెండు దేశాల పేదలు.

మాట పోయాక దక్కిన పూజ

అలీ శరీరం కూడా ఒక పద్దే. 1977లో, దెబ్బలు ఇక చాలని చెప్పి, వినకపోయేసరికి ఆయన డాక్టర్ ఫెర్డీ పచేకో తప్పుకున్నారు. అయినా 1980లో లారీ హోమ్స్ ముందు, 1981లో ట్రెవర్ బెర్బిక్ ముందు నిలబెట్టారు. 1984లో పార్కిన్సన్ జబ్బు అని తేలింది. ప్రపంచంలో అందరికంటే బాగా మాట్లాడే బాక్సర్‌కు మెల్లగా మాట పోయింది. అలీ మొండితనం ఇందులో ఉంది, ఆయన చుట్టూ బతికినవాళ్ల ఆకలి కూడా ఉంది. అణగారినవాళ్ల శరీరాన్ని చివరి చుక్కవరకు పిండుకుని చప్పట్లు కొట్టే వ్యాపారం ఆటల్లోనే లేదు. మురుగు గుంటల్లో దిగే మన మనుషులకు చప్పట్లు కూడా దక్కవు.

1996లో అట్లాంటాలో వణికే చేతితో ఆయన ఒలింపిక్ జ్యోతి వెలిగించారు. దేశం కన్నీరు పెట్టుకుంది. ఫ్రేజియర్ ఒక్కరే అలీని ఆ మంటలోకి తోసేవాణ్ణని అన్నారు. క్రూరమైన మాటే. ఆ క్రౌర్యం వెనక ఇరవై ఏళ్ల గాయం ఉంది. 2005లో, ఇరాక్ యుద్ధం నడిపిస్తున్న జార్జ్ బుష్ చేతుల మీదుగా అలీకి దేశ అత్యున్నత పౌర పతకం దక్కింది. ఒక యుద్ధం కాదన్నందుకు శిక్షించిన రాజ్యం, ఇంకో యుద్ధం మధ్యలో, ఇక మాట్లాడలేని మనిషికి దండ వేసింది. 2006లో ఆయన పేరు, బొమ్మల మీద హక్కుల్లో 80 శాతం 5 కోట్ల డాలర్లకు ఒక కంపెనీకి చేరాయి. రింగులో నా పేరేంటని గర్జించినవాడి పేరు సరుకైంది. ఆయన రాజ్యానికి ఖరీదైన మనిషిగా ఉన్నంతకాలం ద్వేషించారు. ఖర్చు లేని మనిషి అయ్యాక ప్రేమించారు.

ఈ తంతు మనకు తెలిసిందే. 2023లో హైదరాబాద్‌లో, 2024లో విజయవాడలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాలు లేచాయి. వాటిని చూసి మన పెద్దల కళ్లు చెమర్చడంలో తప్పులేదు, ఆ గర్వం వాళ్ల హక్కు. కానీ ఆ విగ్రహం చేతిలోని పుస్తకం ఒక్క రాజ్యాంగమే అని నమ్మించే ప్రయత్నం మీద కన్నేసి ఉంచాలి. 'కులనిర్మూలన' రాసినవాడు, మంత్రి పదవి వదిలేసినవాడు, 22 ప్రతిజ్ఞలు చేయించినవాడు ఆ కంచులో కరిగిపోకూడదు.

మన వాళ్లని మనమే విమర్శిస్తే శత్రువుకు ఆయుధం ఇచ్చినట్టు కాదా అని కొందరు మిత్రులు అంటారు. ఆ భయానికి కారణం ఉంది. నల్లవాడి తప్పును జాతి తప్పుగా, దళితుడి తప్పును కులం తప్పుగా చూపే అలవాటు ఆధిపత్య పత్రికలకు ఉంది. కానీ మౌనం ఆ అలవాటును ఆపదు. మన కొలత మన చేతిలో లేకపోతే వాళ్ల కొలతే మిగులుతుంది. పైగా మౌనానికి కూడా ఒక ధర ఉంది, దాన్ని ఎప్పుడూ ఫ్రేజియర్‌లు, బెలిండాలే కడతారు. ఆ కాలం అలాంటిది అనే వాదన కూడా నిలవదు. అదే కాలంలో మాల్కమ్ మారారు. అదే కాలంలో ఫ్రేజియర్ చేయి చాచారు.

కాబట్టి నా తీర్పు ఇది. అలీ గొప్పవాడే. 1967లో ఆయన వేయని అడుగు, నిలబెట్టుకున్న పేరు ఆయనను బాబాసాహెబ్ చెప్పిన గొప్పవాళ్ల వరుసలో నిలబెడతాయి. అక్కడి నుంచి ఆయనను దించే హక్కు బుష్ పతకానికీ లేదు, బ్రాండ్ కంపెనీకీ లేదు. కానీ ఫ్రేజియర్ మీద ఆయన చేసింది ఆయన గొప్పతనంలో ఒక చిన్న మరక కాదు. తాను ఏ వ్యవస్థ మీద తిరగబడ్డారో ఆ వ్యవస్థ పనినే ఆ రోజు ఆయన చేసిపెట్టారు. మొదటిది రెండోదాన్ని కడిగేయదు, రెండోది మొదటిదాన్ని చెరపదు.

హాస్టల్ గదుల గోడల మీద అలీ బొమ్మ ఉంటే ఉండనివ్వండి. పడిపోయిన లిస్టన్ మీద నిలబడి అరుస్తున్న ఆ ఫొటో నాకూ ఇష్టమే. దాని పక్కన జో ఫ్రేజియర్ బొమ్మ కూడా పెట్టండి.